అమెరికాలో ట్రక్కింగ్ కంపెనీలు ఎక్కడ దొరికిపోతాయి? భద్రతా నిబంధనలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ట్రక్కు కొన్నాం, డీఓటీ (అమెరికా రవాణా శాఖ) నంబరు వచ్చింది, లోడ్లు దొరుకుతున్నాయి. అంతవరకూ బాగానే ఉంటుంది. ట్రక్కుల బరువు తూచే ఏ వే స్టేషన్‌లోనో ఇన్‌స్పెక్టర్ బండి పక్కకు తీయించినప్పుడో, ఆడిట్ చేస్తామని ఉత్తరం వచ్చినప్పుడో అసలు ప్రశ్నలు మొదలవుతాయి. చిన్న కంపెనీల ఫైళ్ళు సర్దిపెట్టే పనిలో నేను మళ్ళీ మళ్ళీ వినే ప్రశ్నలివి. కొన్నిటికి రెండు వాక్యాలు చాలు, కొన్నిటికి చాలవు.

మాకు ఉన్నవి రెండు పికప్పులు, వెనక ట్రెయిలర్లు. పెద్ద ట్రక్కుల రూల్సు మాకెందుకు?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. రాష్ట్రాల మధ్య సరుకు రవాణాలో వాడే బండి తయారీదారు నిర్ణయించిన గరిష్ఠ బరువు 10,001 పౌండ్లు లేదా అంతకన్నా ఎక్కువైతే ఫెడరల్ భద్రతా నిబంధనలు వర్తిస్తాయి. పికప్పు, ట్రెయిలర్ కలిపి లెక్కేస్తారు. ఆ రోజు బండి ఖాళీగా ఉందా నిండుగా ఉందా అని చూడరు, రేటింగే చూస్తారు. పైగా వాస్తవ బరువు రేటింగ్‌ను దాటితే అదీ లెక్కలోకి వస్తుంది.

సీడీఎల్ (పెద్ద వాణిజ్య వాహనాలు నడిపే లైసెన్సు) గీత వేరు, అది 26,001 పౌండ్ల దగ్గర ఉంది. 14,000 పౌండ్ల డ్యూయలీ (వెనక జంట చక్రాల) పికప్పుకు 14,000 పౌండ్ల ట్రెయిలర్ తగిలిస్తే మొత్తం 28,000. ట్రెయిలర్ 10,000 దాటింది కాబట్టి క్లాస్ ఎ సీడీఎల్ ఉండాలి. మామూలు లైసెన్సుతో దాన్ని నడిపిస్తే తప్పు డ్రైవరుదే కాదు, నడపనిచ్చిన కంపెనీది కూడా. సీడీఎల్ లేని డ్రైవరును తెలిసీ పంపడం కొత్త కంపెనీల ఆడిట్‌లో నేరుగా ఫెయిల్ చేసే తప్పుల్లో ఒకటి.

"మా బండి రాష్ట్రం దాటదు" అన్నంత మాత్రాన బయటపడినట్టు కాదు. రేవులో దిగిన సరుకును అదే రాష్ట్రంలోని గోదాముకు చేర్చినా, ఆ సరుకు ప్రయాణం వేరే చోట మొదలైంది కాబట్టి అది అంతర్రాష్ట్ర వాణిజ్యమే కావచ్చు. లేదూ నిజంగానే రాష్ట్రం లోపలి పనైతే రాష్ట్రాల సొంత నిబంధనలు ఉంటాయి. చాలావరకు అవి ఫెడరల్ వాటి నకళ్ళే.

ఎక్కువగా పట్టుబడే ఉల్లంఘనలు ఏవి?

రోడ్డు మీద దొరికేవి వేరు, ఆఫీసులో దొరికేవి వేరు.

రోడ్డు మీద బండి విషయంలో లైట్లు, బ్రేకులు, టైర్లు ముందుంటాయి. డ్రైవరు విషయంలో లాగ్ (డ్యూటీ గంటల పట్టిక) తప్పులు, అతివేగం, సీటు బెల్టు, చేతిలో ఫోను. ఆఫీసులో ఫైళ్ళు తెరిచినప్పుడు కథ మారుతుంది. డ్రైవర్ ఫైలులో లేని కాగితం, చేయించని డ్రగ్ టెస్టు, క్లియరింగ్‌హౌస్‌లో (సీడీఎల్ డ్రైవర్ల డ్రగ్, ఆల్కహాల్ ఉల్లంఘనలు నమోదయ్యే ఫెడరల్ డేటాబేస్) చూడకుండా చేర్చుకున్న డ్రైవరు, పెట్రోలు బంకు రసీదుతో పొసగని లాగ్, గడువు దాటిన వార్షిక తనిఖీ బయటపడతాయి. నా అనుభవంలో చిన్న కంపెనీలను దెబ్బతీసేవి ఎక్కువగా ఈ రెండో రకమే. పగిలిన బల్బును డ్రైవరైనా చూస్తాడు. తీసుకోని కాగితం సంగతి అడిగేదాకా ఎవరికీ గుర్తు రాదు.

ఒక్క బల్బు వెలగకపోతే అంత రాద్ధాంతమా?

బల్బు ఖరీదు ఎంత! అయినా దూరం నుంచే కనిపించే తప్పు అది. వెలగని లైటు చూసి ఆపిన ఇన్‌స్పెక్టర్, ఆపాక లైటు ఒక్కటే చూసి పంపేయాలని ఏమీ లేదు. లెవెల్ 1 తనిఖీలో 37 అంచెలు ఉంటాయి. బండి కిందికి దూరి బ్రేకులు కొలుస్తారు, లాగ్ తీస్తారు, మెడికల్ సర్టిఫికెట్ చూస్తారు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

ట్రెయిలర్ ఎడమ పక్క వెనకవైపు ఉండే పసుపు ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) దీపాన్ని కూడా చూసుకోండి. 1998 మార్చి 1 తర్వాత తయారైన ఎయిర్ బ్రేకు ట్రెయిలర్లకు ఏబీఎస్ తప్పనిసరి. ఆ దీపం ఒకసారి వెలిగి ఆరిపోవాలి. వెలుగుతూనే ఉన్నా, అసలు వెలగకపోయినా తప్పే. ట్రాక్టర్ మనది, ట్రెయిలర్ వేరేవాళ్ళది అన్నా లాభం లేదు. లాగుతున్నది మీరు కాబట్టి రిపోర్టు మీ నంబరు మీదికే వస్తుంది.

బ్రేకులు ఎంత చెడితే బండి అక్కడే ఆపేస్తారు?

మొత్తం సర్వీస్ బ్రేకుల్లో 20 శాతం లేదా అంతకన్నా ఎక్కువ లోపంతో ఉంటే అవుట్ ఆఫ్ సర్వీస్. అయిదు ఇరుసుల మామూలు ట్రక్కు-ట్రెయిలర్‌కు పది బ్రేకులుంటాయి. అంటే రెండు చెడితే చాలు. బాగుచేసేదాకా బండి కదలకూడదు. బండికి అంటించిన అవుట్ ఆఫ్ సర్వీస్ స్టిక్కర్ పీకి కదిలించారా, అది మొదటి తప్పుకన్నా చాలా పెద్దది.

అమెరికా, కెనడా, మెక్సికోల్లో ఏటా మూడు రోజులపాటు సీవీఎస్‌ఏ (వాణిజ్య వాహనాలు తనిఖీ చేసే అధికారుల సంఘం) నడిపే ఇంటర్నేషనల్ రోడ్‌చెక్‌లో తనిఖీ చేసిన బళ్ళలో దాదాపు అయిదింట ఒకటి ఇలా ఆగిపోతుంటుంది. ఆపే కారణాల్లో బ్రేకులదే పెద్దపీట.

ఒక మాట మెకానిక్కులతో కూడా అనండి. 1994 అక్టోబరు 20 తర్వాతి ఎయిర్ బ్రేకు బళ్ళకు బ్రేకు అరిగేకొద్దీ దాన్ని సర్దే ఆటోమేటిక్ స్లాక్ అడ్జస్టర్లు ఉంటాయి. అవి వాటంతట అవే సర్దుకోవాలి. మాటిమాటికీ రెంచి పెట్టి బిగించాల్సి వస్తోందంటే అడ్జస్టరో, దాని చుట్టూ ఉన్న మరో భాగమో పాడైందని అర్థం. బిగించి పంపడం రోగం వదిలేసి జ్వరానికి మందు వేసినట్టే.

టైర్ల మాటేమిటి?

ముందు స్టీరింగ్ టైర్ల గాడి లోతు కనీసం 4/32 అంగుళం, మిగతావాటికి 2/32. గాలి లీకు వినిపిస్తున్నా, లోపలి దారాల పొర కనిపిస్తున్నా లోతుతో పని లేకుండానే ఉల్లంఘన. జంట చక్రాల్లో లోపలి టైరును వంగి చూసేవాళ్ళు తక్కువ. ఇన్‌స్పెక్టర్ మాత్రం వంగుతాడు.

డ్యూటీ గంటల లెక్క ఒక్కసారి అర్థమయ్యేలా చెబుతారా?

సరుకు రవాణా డ్రైవరుకు నాలుగు గడియారాలు ఒకేసారి తిరుగుతుంటాయి అనుకోండి.

మొదటిది 11 గంటలు. వరసగా 10 గంటల విశ్రాంతి తర్వాత అంతకు మించి స్టీరింగ్ పట్టకూడదు. రెండోది 14 గంటలు. డ్యూటీ మొదలైన క్షణం నుంచి 14 గంటలు గడిస్తే ఆపైన డ్రైవింగ్ కుదరదు, మధ్యలో గంట భోజనం చేసినా, గోదాము దగ్గర నాలుగు గంటలు కాచుకున్నా. ఇది ఆగని గడియారం, అందుకే చాలామంది డ్రైవర్లు దీని దగ్గరే పట్టుబడతారు. మూడోది 8 గంటల డ్రైవింగ్ తర్వాత 30 నిమిషాల విరామం. 2020 సెప్టెంబరు 29 నుంచి ఆ అరగంట ఆఫ్ డ్యూటీయే కానక్కర్లేదు. డీజిల్ కొట్టించుకుంటూ, లోడ్ దింపించుకుంటూ గడిపినా సరే, బండి నడపకపోతే చాలు. నాలుగోది వారం లెక్క: 7 రోజుల్లో 60 గంటలు లేదా 8 రోజుల్లో 70. వరసగా 34 గంటలు విశ్రాంతి తీసుకుంటే ఇది మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది.

14 గంటల గడియారాన్ని ఆపే పద్ధతి ఒకటుంది, స్లీపర్ (క్యాబిన్‌లోని పడక) విభజన. స్లీపర్‌లో కనీసం 7 గంటలు, విడిగా మరో కనీసం 2 గంటలు, రెండూ కలిపి 10కి తగ్గకుండా తీసుకుంటే ఆ రెండు విరామాలూ 14లోంచి మినహాయింపు అవుతాయి. వాడుకోవడం తెలిసిన డ్రైవరుకు ఇది వరం. సగం తెలిసిన డ్రైవరుకు ఇదే లాగ్ తప్పుల పుట్ట, ఎందుకంటే రెండో విరామం పూర్తయ్యేదాకా మొదటిదానికి విలువ లేదు.

మంచు తుపానో, ముందు జరిగిన ప్రమాదమో దారి మూసేస్తే రెండు గంటల వెసులుబాటు ఉంటుంది. బయలుదేరేటప్పుడు తెలియని అడ్డంకికే అది వర్తిస్తుంది. రోజూ సాయంత్రం అయిదింటికి ఉండే ట్రాఫిక్ తెలియని అడ్డంకి కాదు.

ఈఎల్‌డీ పెట్టేశాం. ఇంకా లాగ్ తప్పులు ఎలా వస్తాయి?

ఈఎల్‌డీ, అంటే డ్రైవింగ్ సమయాన్ని దానంతట అదే లాగ్‌లోకి ఎక్కించే యంత్రం, 2017 డిసెంబరు 18 నుంచి తప్పనిసరైంది, పాతతరం యంత్రాల గడువు 2019 డిసెంబరు 16తో ముగిసింది. పెట్టె బిగించినంత మాత్రాన లాగ్ నిజమైపోదు. చక్రం తిరిగిందా లేదా అన్నది అది చెబుతుంది. ఎవరు తిప్పారు, ఎందుకు తిప్పారు అన్నది మనిషే చెప్పాలి, తప్పులన్నీ అక్కడే దూరతాయి.

ముందుగా చూసేది ఎవరి పేరు మీదా లేని డ్రైవింగ్. డ్రైవరు లాగిన్ కాకుండా 200 మైళ్ళు పోతే ఆ మైళ్ళు కంపెనీ ఖాతాలో అనాథల్లా పడి ఉంటాయి. వాటిని డ్రైవరుకు కేటాయించాలి, లేదా ఎందుకు కేటాయించలేదో రాయాలి. చాలా కంపెనీలు ఆ పేజీని తెరవనే తెరవవు. తర్వాత, లేని సహడ్రైవరు పేరుతో రెండో ఖాతా తెరిచి నడపడం. ఇది పొరపాటు కాదు, దొంగ లాగ్.

దొంగ లాగ్‌ను ఎలా పట్టుకుంటారంటే, డీజిల్ రసీదు, టోలు, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు రవాణా పత్రం), జీపీఎస్, డిస్పాచ్ మెసేజీలు పక్కపక్కన పెట్టి చూస్తారు. స్లీపర్‌లో నిద్రపోతున్నట్టు ఉన్న సమయంలో 60 మైళ్ళ అవతల డీజిల్ కొట్టిస్తే ఇక వాదనేముంది? ఈ సహాయక పత్రాలను, లాగ్‌లను కంపెనీ 6 నెలలు దాచాలి. "రసీదులు పారేశాం" అన్నది జవాబు కాదు, అది ఇంకో ఉల్లంఘన.

లాగ్‌లో మార్పు కావాలంటే కంపెనీ సూచించవచ్చు, ఒప్పుకోవాల్సింది డ్రైవరే. యంత్రం దానంతట అదే నమోదు చేసిన డ్రైవింగ్ సమయాన్ని తగ్గించడం కుదరదు. యంత్రం పాడైతే డ్రైవరు 24 గంటల్లో కంపెనీకి రాతపూర్వకంగా చెప్పాలి, కంపెనీ 8 రోజుల్లో బాగుచేయించాలి, అప్పటిదాకా కాగితం లాగ్. అందుకే కనీసం 8 రోజులకు సరిపడా ఖాళీ లాగ్ కాగితాలు, యంత్రం వాడే పద్ధతి చెప్పే కాగితాలు క్యాబిన్‌లో ఉండాలి. అవి లేకపోవడం కూడా రిపోర్టులోకి ఎక్కుతుంది.

మీరు కొన్న ఈఎల్‌డీ ప్రభుత్వ జాబితాలో ఇంకా ఉందో లేదో కూడా అప్పుడప్పుడు చూసుకోండి. జాబితా నుంచి తీసేసిన యంత్రంతో, మార్చుకోవడానికి ఇచ్చిన గడువు దాటాక కూడా తిరిగితే లాగ్ లేనట్టే లెక్క.

పర్సనల్ కన్వేయన్స్ పెట్టుకుంటే గంటల లెక్క ఉండదు కదా?

పర్సనల్ కన్వేయన్స్ అంటే ఆఫ్ డ్యూటీలో సొంత పనికి బండి వాడటం, అందుకు మాత్రమే. లోడ్ దించాక దగ్గర్లోని సురక్షితమైన విశ్రాంతి చోటికి పోవచ్చు, బస చేసిన మోటెల్ నుంచి భోజనానికి పోవచ్చు. తర్వాతి లోడ్‌కు దగ్గరవడానికి వాడితే అది డ్యూటీయే. బండి ఖాళీగా ఉందా అన్నది ప్రశ్నే కాదు, ఆ ప్రయాణం ఎవరి కోసం అన్నదే ప్రశ్న.

డ్రైవర్ ఫైలులో ఏం ఉండాలి?

ఉద్యోగ దరఖాస్తు ఉండాలి. అదీ మామూలు బయోడేటా కాదు, నిబంధన అడిగిన వివరాలన్నీ నింపి సంతకం పెట్టింది. గత మూడేళ్ళలో లైసెన్సు ఉన్న ప్రతి రాష్ట్రం నుంచీ డ్రైవింగ్ రికార్డు, చేరిన 30 రోజుల్లోపు. గత మూడేళ్ళలో పనిచేసిన, డీఓటీ నిబంధనల కిందికి వచ్చే పాత యజమానులను అడిగి తెచ్చిన భద్రతా చరిత్ర, ఇదీ 30 రోజుల్లోపే. రోడ్ టెస్టు సర్టిఫికెట్, లేదా దాని స్థానంలో సీడీఎల్ నకలు. మెడికల్ అర్హతకు రుజువు. ఆపైన ఏడాదికోసారి కొత్త డ్రైవింగ్ రికార్డు తెప్పించి చదివినట్టు రాసిన కాగితం.

ఇందులో ఎక్కువగా లేకుండా పోయేది పాత యజమానుల విచారణ. "ఫోన్ చేశాం, ఎత్తలేదు" అంటారు. ఎత్తకపోవడం మీ తప్పు కాదు. ఎప్పుడు చేశారో, ఎవరికి చేశారో రాసి ఫైలులో పెట్టకపోవడం మీ తప్పు. నిబంధన అడిగేది మీరు నిజాయితీగా ప్రయత్నించారా అని. ఆ ప్రయత్నానికి కాగితం తప్ప మరో సాక్షి లేదు.

మెడికల్ సర్టిఫికెట్ గరిష్ఠంగా 24 నెలలకే ఇస్తారు. బీపీ, షుగరు వంటివి ఉంటే ఇంకా తక్కువకు. జాతీయ రిజిస్ట్రీలో ఉన్న వైద్యుడే ఇవ్వాలి. సీడీఎల్ డ్రైవర్ల విషయంలో 2025 జూన్ 23 నుంచి పద్ధతి మారింది. వైద్యుడి నివేదిక ఎలక్ట్రానిక్‌గా రాష్ట్రానికి చేరి డ్రైవింగ్ రికార్డులోకి ఎక్కుతుంది, ఆ రికార్డే రుజువు. జేబులో కార్డు ఉంది కదా అని నిశ్చింతగా కూర్చోకుండా రికార్డులో ఏముందో చూడండి.

డ్రైవరు మానేశాక కూడా ఈ ఫైలును 3 ఏళ్ళు ఉంచాలి. 2022లో ఒక కాగితం తగ్గింది, డ్రైవరు తన ఉల్లంఘనల జాబితా ఏటా రాసివ్వక్కర్లేదు. పాత చెక్‌లిస్టులు చూసి ఇంకా దానికోసం వెంటపడేవాళ్ళు ఉన్నారు. ఆ ఓపిక రికార్డులు తెప్పించడంలో పెడితే మేలు.

మా డ్రైవర్లు ఉద్యోగులు కారు, 1099 (కాంట్రాక్టర్లకు ఇచ్చే పన్ను ఫారం) మీద పనిచేస్తారు. అయినా ఫైలు పెట్టాలా?

పెట్టాలి. పన్ను శాఖ దృష్టిలో ఎవరేమైనా, మీ నంబరు కింద సొంత ట్రక్కు నడిపే ఓనర్ ఆపరేటర్ భద్రతా నిబంధనల దృష్టిలో మీ ఉద్యోగే.

యజమానీ నేనే, డ్రైవరూ నేనే. నాకు నేను ఫైలు పెట్టుకోవాలా?

నవ్వొస్తుంది గానీ, అవును. మీ దరఖాస్తు మీరే తీసుకోవాలి, మీ రికార్డు మీరే తెప్పించుకోవాలి. డ్రగ్ టెస్టుల దగ్గర మాత్రం మిమ్మల్ని మీరే చీటీ తీసి ఎంపిక చేసుకోవడం కుదరదు కాబట్టి సీడీఎల్ బండి నడిపే ఒంటరి యజమాని తప్పనిసరిగా కన్సార్టియంలో (చాలామంది డ్రైవర్లకు కలిపి టెస్టులు నడిపే సంస్థ) చేరాలి.

డ్రగ్, ఆల్కహాల్ నిబంధనల్లో ఎక్కువగా జరిగే తప్పులు?

కొత్తగా చేరే డ్రైవరు డ్రగ్ టెస్టు ఫలితం రాకముందే బండి అప్పగించడం అన్నిటికన్నా ఎక్కువ. శాంపిల్ ఇచ్చి వచ్చాడు కదా, లోడ్ ఆగిపోతుంది కదా అని పంపేస్తారు. ఫలితం నెగటివ్ అని చేతికి వచ్చాకే స్టీరింగ్.

రెండోది క్లియరింగ్‌హౌస్. 2020 జనవరి 6 నుంచి కొత్త సీడీఎల్ డ్రైవరును చేర్చుకునే ముందు అతని అనుమతితో పూర్తి వివరాలు చూడాలి, ఆపైన ఏడాదికి కనీసం ఒకసారి పరిమిత విచారణ (అతని పేరున సమాచారం ఉందా లేదా అని మాత్రమే చూడటం) చేయాలి. ఈ వార్షిక విచారణ మరిచిపోయే కంపెనీలు కోకొల్లలు. 2024 నవంబరు 18 నుంచి ఇంకో మెలిక పడింది. క్లియరింగ్‌హౌస్‌లో నిషేధ స్థితిలో ఉన్న డ్రైవరు సీడీఎల్‌ను రాష్ట్రమే మామూలు లైసెన్సు స్థాయికి దించేస్తుంది. అంటే నిన్నటిదాకా మీ దగ్గర నడిపిన మనిషికి ఈరోజు సీడీఎల్ ఉండకపోవచ్చు.

మూడోది ర్యాండమ్ ఎంపిక, అంటే చీటీ తీసినట్టు డ్రైవర్లను టెస్టుకు ఎంచుకోవడం. ఏడాదిలో సగటు డ్రైవర్ల సంఖ్యలో డ్రగ్స్‌కు 50 శాతం, ఆల్కహాల్‌కు 10 శాతం టెస్టులు జరగాలి. పేరు వచ్చాక డ్రైవరుకు నాలుగు రోజుల ముందే చెప్పడం కూడా తప్పే. చెప్పిన వెంటనే బయలుదేరాలి.

మా రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధం. అయినా పాజిటివ్ లెక్కేనా?

లెక్కే. రాష్ట్ర చట్టం ఏమైనా డీఓటీ టెస్టులో అది నిషిద్ధమే, డాక్టరు చీటీ ఉన్నా సరే. గంజాయి జాతి మొక్క నుంచి తీసే సీబీడీ నూనె వాడానన్న వాదనా నిలవదు.

ప్రమాదం జరిగితే టెస్టు ఎప్పుడు చేయించాలి?

మనిషి చనిపోతే తప్పనిసరి. ఎవరినైనా గాయాలతో వెంటనే వైద్యానికి తరలించినా, ఏదైనా వాహనాన్ని కదల్లేని స్థితిలో లాక్కెళ్ళాల్సి వచ్చినా, మీ డ్రైవరుకు ట్రాఫిక్ టికెట్ పడితే తప్పనిసరి. ఆల్కహాల్ టెస్టు 2 గంటల్లోపు జరగాలి, కాకపోతే కారణం రాయాలి. 8 గంటలు దాటితే ఆ ప్రయత్నం ఆపేసి, ఎందుకు కుదరలేదో రాసిపెట్టాలి. డ్రగ్ టెస్టుకు 32 గంటలు. అర్ధరాత్రి డ్రైవరు ఫోన్ చేస్తే ఎక్కడికి పంపాలో ముందే తెలిసి ఉండాలి, ఆ కంగారులో వెతుక్కుంటే గంటలు అయిపోతాయి. నిబంధన నిర్వచనం కిందకు వచ్చే ప్రమాదాలన్నిటినీ ఒక రిజిస్టరులో 3 ఏళ్ళు ఉంచాలి.

ఇంగ్లిషు సరిగా రాని డ్రైవరును నిజంగానే ఆపేస్తున్నారా?

ఆపేస్తున్నారు. ఇంగ్లిషులో మాట్లాడటం, రోడ్డు గుర్తులు చదవడం రావాలన్న నిబంధన పాతదే. 2016 నుంచి దానికోసం బండి ఆపడం మానేశారు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన అధ్యక్ష ఉత్తర్వు తర్వాత, ఆ ఏడాది జూన్ 25 నుంచి అది మళ్ళీ అవుట్ ఆఫ్ సర్వీస్ కారణం అయింది. ముందు ఇన్‌స్పెక్టర్ ఇంగ్లిషులో ప్రశ్నలు వేస్తాడు, తర్వాత రోడ్డు గుర్తులు చూపిస్తాడు. దుబాసీ, ఫోన్‌లో అనువాద యాప్, రాసుకున్న చీటీ ఏవీ ఒప్పుకోరు.

యాసకు భయపడక్కర్లేదు, అడిగింది అర్థమై జవాబు చెప్పగలిగితే చాలు. ఎక్కడి నుంచి వస్తున్నావు, ఎక్కడికి, బండిలో ఏముంది, ఎన్ని గంటలు నడిపావు, ఈ ప్రశ్నలతో డ్రైవరును చేర్చుకునే రోజునే మీరు ఇంగ్లిషులో మాట్లాడించండి. మనవాళ్ళే కదా అని తెలుగులోనే ఇంటర్వ్యూ కానిస్తే ఆ సంగతి మీకు రోడ్డు మీదే తెలుస్తుంది.

బండి మరమ్మతు కాగితాలు ఎంతకాలం ఉంచాలి?

బండి మీ దగ్గర ఉన్నంతకాలం ఏడాది పాటి మరమ్మతు రికార్డు, అమ్మేశాక ఇంకో 6 నెలలు. వార్షిక తనిఖీ నివేదిక 14 నెలలు. ఆ తనిఖీ చేసిన మనిషికి అర్హత ఉందని చూపే కాగితం కూడా కావాలి. ఇది చాలామందికి తెలియనే తెలియదు. డ్రైవరు రోజూ రాసే లోపాల నివేదిక 3 నెలలు. 2014 డిసెంబరు నుంచి లోపమేమీ లేకపోతే సరుకు బళ్ళ డ్రైవరు అది రాయక్కర్లేదు.

లోపం రాస్తే మాత్రం బాగుచేసినట్టో, చేయనక్కర్లేదనో కంపెనీ సంతకం పెట్టాకే బండి కదలాలి. డ్రైవరు మూడుసార్లు "బ్రేకు మెత్తగా ఉంది" అని రాసి, కింద ఎవరూ సంతకం పెట్టని నివేదిక ప్రమాదం తర్వాత లాయరు చేతికి చిక్కితే ఏమవుతుందో ఊహించుకోండి.

సరుకు కట్టడంలో ఎలాంటి తప్పులు దొరుకుతాయి?

పట్టీల సంఖ్య చాలకపోవడం, చిరిగిన పట్టీలు, వదులుగా వేలాడేవి. అన్ని పట్టీల పని భారం కలిపి సరుకు బరువులో కనీసం సగం ఉండాలి. ముందు అడ్డుకట్ట లేని 20 అడుగుల, 20,000 పౌండ్ల సరుకు ఉందనుకోండి. 5,400 పౌండ్ల పట్టీలు రెండు మీదుగా వేస్తే బరువు లెక్క సరిపోతుంది. కానీ పొడవు లెక్క వేరే ఉంది: మొదటి 10 అడుగులకు రెండు, ఆపైన ప్రతి 10 అడుగులకు లేదా అందులో భాగానికి ఒకటి. కాబట్టి మూడు కావాలి. రెండు లెక్కల్లో ఏది ఎక్కువైతే అది.

బయలుదేరిన మొదటి 50 మైళ్ళలోపు ఆగి చూడాలి. తర్వాత ప్రతి 150 మైళ్ళకు లేదా 3 గంటలకు లేదా డ్యూటీ మారినప్పుడు, ఏది ముందైతే అప్పుడు. సీలు వేసి తెరవొద్దన్న కంటెయినరుకు మినహాయింపు ఉంది.

తనిఖీ రిపోర్టు చేతికిచ్చారు. ఇప్పుడేం చేయాలి?

డ్రైవరు 24 గంటల్లో అది కంపెనీకి చేర్చాలి. కంపెనీ లోపాలు సరిచేసి, సంతకం పెట్టి, 15 రోజుల్లోపు ఆ రిపోర్టు ఇచ్చిన సంస్థకు తిరిగి పంపాలి. నకలు 12 నెలలు ఉంచాలి. రిపోర్టును సీటు కింద తోసేసే డ్రైవర్లు అన్నిచోట్లా ఉంటారు. తిడతారని దాచేస్తారు. తిట్టకుండా ఉంటే తెచ్చిస్తారు.

ఒక ఉల్లంఘన మా స్కోరు మీద ఎంతకాలం ఉంటుంది?

24 నెలలు. ఈ స్కోరు తనిఖీల ఆధారంగా ప్రభుత్వం కంపెనీకి ఇచ్చేది, ఎంత పెరిగితే అంత చెడు. ఉల్లంఘన మొదటి ఆరు నెలలు మూడింతల బరువుతో, తర్వాతి ఆరు నెలలు రెండింతలతో, ఆపైన ఒక వంతుతో. అందుకే ఈ నెలలో పడిన తప్పు ఏడాదిన్నర కిందటి దానికన్నా గట్టిగా తగులుతుంది. చిన్న కంపెనీకి తనిఖీల సంఖ్య తక్కువ కాబట్టి ఒక్క చెడు రిపోర్టే స్కోరును ఎగదోస్తుంది. ఏ లోపమూ లేని తనిఖీ కూడా నమోదవుతుంది, అది మీకు మేలు చేస్తుంది.

రిపోర్టులో తప్పుంటే, వేరే కంపెనీ ఉల్లంఘన మీ మీద పడితే, లేదా ఆ టికెట్‌ను కోర్టు కొట్టేస్తే డేటాక్యూస్‌లో (ఇలాంటి అభ్యంతరాలు తీసుకునే ప్రభుత్వ వెబ్‌సైట్) సవాలు చేయండి. ఆధారం ఉంటేనే. "ఇన్‌స్పెక్టర్ కోపంగా ఉన్నాడు" అన్నది ఆధారం కాదు.

కొత్త కంపెనీ ఆడిట్ ఎప్పుడు వస్తుంది? ఫెయిలైతే?

కొత్త కంపెనీ 18 నెలలు పరిశీలనలో ఉంటుంది. మొదటి 12 నెలల్లో భద్రతా ఆడిట్ చేయాలి. నేరుగా ఫెయిల్ చేసే ఉల్లంఘనలు 16 ఉన్నాయి. డ్రగ్ టెస్టు ఏర్పాటే లేకపోవడం, ర్యాండమ్ లేకపోవడం, బీమా లేకుండా నడపడం, లాగ్‌లు అడగకపోవడం, వార్షిక తనిఖీ లేని బండి నడపడం, అవుట్ ఆఫ్ సర్వీస్ చేసిన బండిని బాగుచేయకుండా కదిలించడం వాటిలో కొన్ని. సాధారణ సరుకు కంపెనీకి దిద్దుబాటు ప్రణాళిక చూపించుకోవడానికి 60 రోజులు ఉంటాయి. చూపించకపోతే రిజిస్ట్రేషన్ పోతుంది.

పెద్ద విచారణ వేరు. అందులో సంతృప్తికరం, షరతులతో, అసంతృప్తికరం అని మూడు రేటింగులుంటాయి. కొన్ని తప్పులు ఒక్కసారి జరిగినా దెబ్బే. మరికొన్నిటిని ఒక పద్ధతిగా మారాయా అని చూస్తారు. పరిశీలించిన రికార్డుల్లో ఒకటికి మించి దొరికి, 10 శాతం చేరితే పద్ధతి కిందే లెక్క. అసంతృప్తికరం అన్న రేటింగు వచ్చిన సాధారణ సరుకు కంపెనీ 60 రోజుల్లో మెరుగుపడకపోతే నడవకూడదు. "షరతులతో" అన్నది కూడా తేలిక కాదు, బ్రోకర్లు లోడ్లివ్వరు, బీమా ధర ఎగురుతుంది.

స్కోరు పాడైంది. మా ఆవిడ పేరున కొత్త నంబరు తీసుకుంటే?

దీన్ని ఊసరవెల్లి కంపెనీ అంటారు, ట్రక్కుల భద్రత చూసే ఫెడరల్ సంస్థ ఎఫ్‌ఎంసీఎస్‌ఏ వెతికేదే వీటికోసం. అవే బళ్ళు, అదే చిరునామా, అదే ఫోను, అదే డ్రైవర్లు కనిపిస్తే పాత కంపెనీ చరిత్రను కొత్తదానికి అతికించి రెండిటినీ మూసేయగలరు. ఆలోచన కూడా వద్దు.

గంటలు అయిపోయాయన్నా బ్రోకరు, డిస్పాచరు నడపమంటే?

2016 జనవరి 29 నుంచి అది బలవంతం కింద ఉల్లంఘన. కంపెనీయే కాదు, సరుకు పంపేవాళ్ళు, అందుకునేవాళ్ళు, బ్రోకరు కూడా జవాబుదారులే. డ్రైవరు అది చట్టవిరుద్ధమని చెప్పి ఉండాలి, 90 రోజుల్లో ఫిర్యాదు చేయాలి. యజమానులకు ఒక్క మాట: "ఎలాగోలా చేర్చెయ్, తమ్ముడూ" అని పంపిన వాట్సాప్ మెసేజీ కూడా పత్రమే.

నంబరు వివరాలు అప్‌డేట్ చేయమని ఫీజు అడుగుతూ ఉత్తరాలు వస్తున్నాయి. కట్టాలా?

డీఓటీ నంబరు వివరాలు తెలిపే ఫారం ఎంసీఎస్-150 అప్‌డేట్‌కు ప్రభుత్వం డబ్బు తీసుకోదు. ప్రభుత్వ ముద్రలాంటి బొమ్మ వేసుకుని వచ్చే ఉత్తరాలు చాలావరకు ప్రైవేటు ఏజెంట్లవి. రెండేళ్ళకోసారి మాత్రం చేసి తీరాలి. డీఓటీ నంబరు చివరి అంకె నెలను చెబుతుంది (1 అంటే జనవరి, 0 అంటే అక్టోబరు), దాని ముందు అంకె సరి, బేసి సంవత్సరాన్ని చెబుతుంది. బీమా సంగతి కూడా ఇక్కడే: అద్దెకు మామూలు సరుకు మోసే పెద్ద బళ్ళకు కనీసం 7,50,000 డాలర్ల బాధ్యత బీమా.

విచారణకు వస్తున్నామన్నారు, కాగితాలు అకౌంటెంటు దగ్గర ఉన్నాయి. ఎంత సమయం ఇస్తారు?

రికార్డులు వేరేచోట ఉంటే అడిగిన తర్వాత 48 గంటలు, శని, ఆదివారాలు, ఫెడరల్ సెలవులు మినహాయించి. ఆ రెండు రోజుల్లో లేని కాగితాన్ని పాత తేదీతో పుట్టించే పని మాత్రం పెట్టుకోకండి. లేని కాగితం ఒక ఉల్లంఘన, దొంగ కాగితం ఇంకా పెద్దది. లేకపోతే లేదని చెప్పి, ఈరోజు తేదీతో తెప్పించడం మొదలుపెట్టండి.